కాగితం వెనక్కి తిప్పమని ఒక్క మాట

వేదిక మీద పెద్దలకి, ఎంఈవో గారికి, పొద్దున్నే రేవు దాటి వచ్చిన లంక గ్రామాల టీచర్లకి నమస్కారమండి. మిగతా పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోద్ది, ఏమీ అనుకోకండి.

‘ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు తరగతి గదిలో వెసులుబాట్లు’ అని చీటీ మీద రాసిచ్చారు. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, లేదా రెండూనండి. ఆ చీటీ చదవగానే ముందు వరసలో ఒక మాస్టారు “ఉన్న మార్కులు కాక ఇంకా కలపమంటారేంటి” అని గొణిగారు. విన్నానండి. నా చెవులింకా బానే పనిచేస్తన్నాయి. మార్కులు కలపమనను. నాలుగు మార్కుల కథ మాత్రం ఒకటి చెబుతాను.

ఇరవయ్యేళ్ళు దాటింది. కాలవ గట్టు మీద హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఓ కుర్రాడుండేవాడు, పేరెందుకులెండి. వాళ్ళ నాన్న కొబ్బరికాయల వలుపుకెళ్ళేవాడు. ఆదివారం రాశి దగ్గర కాయలు లెక్కపెట్టేది వీడే. చేతికి రెండేసి పట్టి విసురుతా, పక్కవాళ్ళతో కబుర్లాడతా, వెయ్యి కాయలకి ఒక్కటి తప్పేవాడు కాదు. అదే పిల్లాడు నా క్లాసులో కూడికకి తీసివేత చేసేవాడు. బల్ల మీద దరువు, పక్కోడి పెన్సిలు, గుమ్మంలో కుక్క. నేను పెట్టిన పేరు ‘కుదురులేని వెధవ’.

ఆ ఏడు అర్ధ సంవత్సరం పరీక్షలో ప్రశ్నపత్రం ముందు వైపు లెక్కలన్నీ చేశాడు. స్టెప్పులతో సహా కరెక్టు. వెనక వైపువి ఒక్కటీ ముట్టుకోలేదు. ఏరా అంటే, నా మొహంలోకి చూసి “వెనకాల కూడా ఉన్నాయా టీచర్?” అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. చెంప మీద ఒకటిచ్చి, నెల్లాళ్ళు ఆటల పీరియడ్ కట్ చేసి ఎక్కాలు రాయించాను. అంత గొప్ప పని చేశానండి! ఒంట్లో ఊపు దిగే దారి అదొక్కటే ఉంటే, దాన్నీ మూసేశాను. నెల తిరక్కుండా మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక బడికి రావడం మానేశాడు.

పదో తరగతి లెక్కల్లో 31. పాసుకి 35 కావాలి.

కొట్టడం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడమే కాదు, మనసుని బాధపెట్టడాన్నీ నిషేధించింది. ‘వెధవ’ ఆ రెండో దాంట్లోకి వస్తుంది. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చి, దీన్ని నైతిక నిగ్రహ లోపం అన్నాడు. ఇప్పటి పేరు 1987లో గానీ రాలేదు. అక్కడ పేరు మారింది, మన స్టాఫ్ రూముల్లో పాత పేరే నడుస్తోంది.

ధ్యాస లేదంటారు గానీ, దాళ్వాలో, అదే రెండో పంటలో, శివారు చేను ఎండిందంటే గోదాట్లో నీళ్ళు లేకనా అండి? లాకు దగ్గర వంతు కుదరక. వీళ్ళకీ అంతే. ధ్యాస ఉంటుంది, కావలసిన వేళకి కావలసిన చోటికి మళ్ళదు. ఇంకో సంగతి. అందరూ గెంతరు. కిటికీ పక్కన చప్పుడు చెయ్యకుండా కాలవ కేసి చూసే ఆడపిల్లని “బంగారం, అల్లరే చెయ్యదు” అంటాం. ఆ పిల్లనే ఎవరూ పట్టించుకోరు.

సర్టిఫికెట్ తెమ్మని తల్లిదండ్రుల్ని తిప్పేవాళ్ళకో మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21 ఉన్నాయి. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు అందులో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. మందుల సంగతి డాక్టరు చూసుకుంటాడు. వాణ్ణి గుమ్మానికీ కిటికీకీ దూరంగా మీ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోడానికి ఏ సర్టిఫికెట్ కావాలండి? ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కోటి చెప్పి, బోర్డు మూల రాసిపెట్టడానికి? ఇరవై లెక్కలు ఐదేసి చొప్పున ఇచ్చి, మధ్యలో సుద్దముక్కలు తెమ్మని ఆఫీసు రూముకి పంపడానికి?

మైకు పోయిందా? పర్లేదు, నలభై మందికి నా గొంతు చాలు. అదిగో వెనక వరసలో కాళ్ళూపుతున్న సార్, మిమ్మల్నేమీ అనడం లేదు, ఊపుకోండి.

మొన్న అంబాజీపేటలో ఆ కుర్రాడు కనబడ్డాడు. కుర్రాడేంటి, కొబ్బరి వ్యాపారి, జుట్టు నెరుస్తోంది. నా చేతిలో సంచీ లాక్కుని ఆటో దాకా మోశాడు. “మా పాప కూడా నాలాగేనండి టీచర్” అని జేబులోంచి ప్రశ్నపత్రం తీశాడు. ఇది కుటుంబాల్లో దిగుతుందని చదివాను గానీ, అలా మడత విప్పి చూపిస్తే నోట మాట రాలేదు. ముందు వైపు ప్రతి ప్రశ్నకీ పెన్సిలుతో టిక్కు పెట్టుకుంది. వెనక వైపు మడత గీత తప్ప ఇంకేం లేదు.

ఆ రోజుల్లో పదో తరగతికి బిట్ పేపరుండేది, గుర్తుందా? ఆ 31 నాడు వాడు దాని రెండో వైపు చూశాడో లేదో అడుగుదామని నోటి దాకా వచ్చింది. అడగలేకపోయాను.

ఆ పాప టీచరు ఈ హాల్లోనే ఉండి ఉండొచ్చు. ఎవరని వెతకను. సోమవారం నుంచి మీ బళ్ళలో పరీక్షలంట కదా. కుదిరితే పేపరు ఒకవైపే అచ్చేయించండి. కాగితం ఖర్చంటారా, అయితే అరగంట అయ్యాక ఒకసారి లేచి, ఆ బల్ల దగ్గరికెళ్ళి, కాగితం మీ చేత్తో తిప్పి పెట్టండి.

టీ వచ్చినట్టుందండి. లేవండి మరి.