సుల్తాన్‌ని నిలదీసిన టింబక్టూ పండితుడు: అహ్మద్ బాబా కథ

[తెర మీద: మర్రాకేష్ నగరం, ఎర్రమట్టి గోడలు]

1590ల చివర్లో, మొరాకో రాజధాని మర్రాకేష్. సుల్తాన్ అహ్మద్ అల్ మన్సూర్ దర్బారు. వచ్చినవాళ్లతో ఆయన తెర వెనక కూర్చునే మాట్లాడేవారు. ఆ రోజు ఎదురుగా ఉన్నది చెరసాల నుంచి విడుదలైన ఒక పండితుడు. ఆయన నోరు విప్పనన్నారు. "తెర చాటు నుంచి మాట్లాడటం దేవుడి పద్ధతి అని ఖురాన్ చెబుతోంది. మీరు దేవుణ్ణి అనుకరిస్తున్నారా? నాతో పనుంటే బయటికి రండి" అన్నది ఆయన మాటల సారాంశం. సుల్తాన్ తెర తీసి బయటికొచ్చారు.

పండితుడు అంతటితో వదల్లేదు. నా ఇల్లు ఎందుకు దోచారు, నా పుస్తకాలు ఎందుకు తీసుకెళ్లారు, సంకెళ్లతో ఎడారి దాటిస్తే ఒంటె మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను, ఇదంతా దేనికని అడిగారు. ముస్లింలందరినీ ఒక్కటి చేయడానికి అన్నారు సుల్తాన్. మరి మీ పక్కనే, ఇప్పటి అల్జీరియాలోని తిలిమ్సాన్‌లో ముస్లింలైన తుర్కులున్నారు కదా, అక్కడ మొదలుపెట్టలేదేం అని ఈయన ఎదురు ప్రశ్న!

ఆ పండితుడే అహ్మద్ బాబా.

[తెర మీద: మ్యాప్. సహారా ఎడారి, నైజర్ నది, టింబక్టూ]

1556లో పుట్టారు. ఇప్పటి మాలి దేశంలోని టింబక్టూలో పెరిగారు. తరతరాలుగా న్యాయమూర్తులను అందించిన అఖీత్ కుటుంబం వాళ్లది. టింబక్టూ అంటే ఎక్కడో లోకం చివరున్న ఊరనుకుంటారు చాలామంది. కానీ ఆ రోజుల్లో ఉప్పు, బంగారంతో పాటు పుస్తకాలకూ అక్కడ పెద్ద గిరాకీ. సంకోరే మసీదు చుట్టూ పండితుల ఇళ్లే పాఠశాలలు.

ఆయన గురువు ముహమ్మద్ బగయోగో గురించి తప్పకుండా చెప్పుకోవాలి. అరుదైన పుస్తకాలు అడిగినవాళ్లకల్లా ఇచ్చేసేవారట, తిరిగి ఇమ్మని అడిగేవారు కాదట. ఎవరో ముక్కూమొహం తెలియని విద్యార్థి గుమ్మంలోకొచ్చి పుస్తకం కావాలన్నా, నువ్వెవరని అడక్కుండా చేతిలో పెట్టేవారట. చేత్తో రాసుకునే కాలంలో ఒక్కో పుస్తకం ఎంత ఖరీదో ఊహించుకోండి. ఈ సంగతి రాసిపెట్టింది అహ్మద్ బాబాయే.

1591లో మొరాకో సైన్యం తుపాకులతో సహారా దాటొచ్చి, టోండిబి దగ్గర, టింబక్టూను ఏలుతున్న సోంఘై సామ్రాజ్యాన్ని ఓడించింది. సుల్తాన్ కన్ను బంగారం మీద. రెండేళ్లకు, అంటే 1593లో, ఎదురు తిరుగుతున్నారని పండితులను పట్టుకున్నారు. మరుసటి ఏడు మర్రాకేష్‌కు తరలించారు. అహ్మద్ బాబా ఇంట్లోంచి పోయిన పుస్తకాలు 1600. పైగా, మా బంధువులందరిలో నాదే చిన్న గ్రంథాలయం అని చెప్పుకున్నారాయన!

[తెర మీద: పాత అరబిక్ రాతప్రతి, దగ్గరగా]

1596లో చెర నుంచి వదిలారు గానీ ఊరికి పోనివ్వలేదు. మర్రాకేష్‌లోనే మసీదులో పాఠాలు చెప్పారు. బందీగా తెచ్చిన మనిషి దగ్గరికి మొరాకో పండితులే వచ్చి చదువుకున్నారు. ఇస్లాం న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన మాలికీ శాఖ పండితుల జీవితాలతో ఆయన రాసిన పెద్ద గ్రంథం 'నైల్ అల్ ఇబ్తిహాజ్' ఆ ప్రవాసంలోనిదే. పశ్చిమాఫ్రికా పండితుల గురించి మనకింత తెలిసిందంటే అందులో ఈ పుస్తకం పాత్ర చాలా ఉంది.

అల్ మన్సూర్ 1603లో చనిపోయారు. ఆయన కొడుకు జైదాన్ అనుమతిస్తే 1608లో ఇల్లు చేరారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే రచన, 1615 నాటి 'మిరాజ్ అల్ సుఊద్'. ఇప్పటి అల్జీరియాలో ఉన్న తువాత్ వాళ్లు ఆయనకు ప్రశ్నలు రాసి పంపారు. దక్షిణం నుంచి బానిసలుగా వస్తున్నవాళ్లలో ముస్లింలూ ఉన్నారు కదా, వాళ్లను కొనొచ్చా? నోవహు ప్రవక్త కొడుకు హామ్ సంతతి శాపం వల్లే నల్లవాళ్లు బానిసలయ్యారనే మాట నిజమేనా?

జవాబు సూటిగా ఉంది. పశ్చిమాఫ్రికాలోని బోర్నూ, కానో, కట్సినా, సోంఘై ప్రజలు ముస్లింలు, వాళ్లను బానిసలుగా పెట్టుకోవడం నిషిద్ధం. రంగుకూ బానిసత్వానికీ సంబంధమే లేదు. శాపం కథ కారణం కానే కాదు. నేను ఫలానా ముస్లిం ప్రాంతం వాడిని అని బందీ చెబితే ఆ మాట నమ్మాలి.

అయితే ఒకటి దాచకూడదు. బానిసత్వమే తప్పని ఆయన అనలేదు. యుద్ధంలో పట్టుబడ్డ అవిశ్వాసులను బానిసలు చేయొచ్చనే ఒప్పుకున్నారు. ఆ గీత అవతలున్నవాళ్లకు ఆయన తీర్పు ఏ రక్షణా ఇవ్వలేదు. దీన్ని పక్కనపెట్టి ఆయన్ను బానిసత్వ వ్యతిరేకిగా చూపిస్తే అది అబద్ధమే అవుతుంది. కానీ అట్లాంటిక్ మీద బానిస ఓడలు తిరుగుతున్న ఆ రోజుల్లోనే, ఒంటి రంగును బట్టి మనిషిని బానిస అనడానికి వీల్లేదని ఒక ఆఫ్రికన్ పండితుడు ఇస్లాం ధర్మశాస్త్రం చూపించి వాదించాడు. మన చరిత్ర పాఠాల్లో ఆయన పేరు కనిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

[తెర మీద: టింబక్టూలోని అహ్మద్ బాబా ఇన్‌స్టిట్యూట్]

1627లో టింబక్టూలోనే కన్నుమూశారు. ఇప్పుడక్కడ రాతప్రతులను కాపాడే ప్రభుత్వ సంస్థకు ఆయన పేరే పెట్టారు. దక్షిణాఫ్రికా సాయంతో 2009లో కొత్త భవనం కట్టారు. 2013 జనవరిలో, ఊరు వదిలి పారిపోతూ సాయుధ మిలిటెంట్లు అక్కడ సుమారు 4000 రాతప్రతులను తగలబెట్టారు. టింబక్టూలోని మిగతా ప్రతుల్లో చాలా భాగాన్ని గ్రంథాలయాలవాళ్లు, ఊరివాళ్లు ట్రంకు పెట్టెల్లో సర్ది, రోడ్డు మీదా నైజర్ నదిలో పడవల మీదా గుట్టుగా రాజధాని బమాకోకు చేర్చారు. వాటిని ఫొటో తీసి, కేటలాగ్ చేసి, చదివి అచ్చువేసే పనిలో ఇంకా చాలా మిగిలే ఉంది.