ఎండ పడిన చోట
(సోంపేటలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. "పాజిటివ్‌గా ఆలోచించడం" గురించి మాట్లాడమన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట వింటే నాకు కాస్త ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. మీరప్పటికి చిన్నపిల్లలు. తెల్లారాక తోటకి వెళ్లి చూస్తే మా 64 కొబ్బరిచెట్లలో నిలబడ్డవి తొమ్మిది. నాన్న పడిపోయిన మాను మీదే కూలబడి "ఇంకేటుంది, అంతా అయిపోనాది" అన్నారు. పరామర్శకి వచ్చిన చుట్టం ఒకాయన "అంతా మన మంచికేలే బావా" అన్నాడు. నాన్న ఆయనతో ఆర్నెల్లు మాట్లాడలేదు. నాన్నదే కరెక్టని నేనిప్పటికీ అనుకుంటాను.

మానులు కోయించి బయటికి లాగించేసరికి సంక్రాంతి దాటిపోయింది. ఒకరోజు అమ్మ ఆ బోడి నేల మధ్య నిలబడి, "సూడండి, ఎండ ఎలా పడతందో. నలభై ఏళ్లుగా ఈ నేలకి ఎండే తెలీదు" అంది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి కదా. కొత్త మొక్కల వరసల మధ్య వంగ, బెండ వేసింది. నష్టం పూడిందా అంటే, లేదు. వారం వారం సంతకి ఒక బుట్ట వెళ్లేది. నాన్నకి పొద్దున్నే లేచి నీళ్లు పెట్టే పని దొరికింది.

అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960ల్లో దాదాపు ఇలాంటి చూపునే చికిత్సగా మలిచాడు. "అంతా అయిపోయింది" అనిపిస్తే, దానికి సాక్ష్యమేమిటో చూడమంటాడు. అంతా అంటే ఎంత? ఆ తొమ్మిది చెట్లు లెక్కలోకి రావా? ఒక్క సబ్జెక్టు పోతే "నా లైఫ్ అయిపోయింది" అని టెన్షన్ పడతారే, అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

అన్నట్టు, మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లకి మాత్రం దయచేసి ఈ ప్రసంగం వినిపించకండి. ఆలోచన మార్చుకుంటే రక్తంలో పేరుకున్న క్రియాటినిన్ అనే వ్యర్థం తగ్గదు. వాళ్లకి కావలసింది వేళకి రక్తపరీక్ష, మందులు, డయాలసిస్‌కి తోడు వెళ్లే మనిషి.

మా మొక్కలు ఈమధ్యే కాపుకొచ్చాయి. నాన్న రోజూ గెలలు లెక్కపెట్టుకుంటున్నారు. అమ్మ మాత్రం నీడ ముసిరి వంకాయలు సరిగ్గా కాయట్లేదని సణుగుతోంది.