క్లాసు అయినంక క్వారీలకు దిగాలె

(దృశ్యం: సున్నపురాయి క్వారీ. ఆగి ఉన్న డంపర్, రాయి మోసే పెద్ద బండి. పక్కన మనిషి, టైరు అతని తలకన్న ఎత్తు.)

నమస్తే. గనుల్ల ట్రైనింగ్ ఇచ్చేటోళ్ల కోసం ఈ వీడియో. పాత నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్, మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి క్వారీల్ల కొత్తోళ్లకు పాఠం చెప్తుంట నేను. "అర్థమైందా?" అంటే గదంత ఒక్కటే గొంతు: "అయింది సార్." నమ్మేటోన్ని.

ఒకనాడు మధ్యాహ్నం క్వారీలకు దిగిన. డంపర్ దగ్గరికి పోవద్దని పొద్దున రాసుకున్న పిల్లగాడే, దాని నీడకు కూసోని సద్ది తింటున్నడు.

"ఏంది తమ్మీ, పొద్దున ఏం చెప్పిన?"

"ఇంకేడ నీడుంది సార్?"

నిజమే. బెంచి మీద, అంటే రాయి తవ్వినంక మెట్టు లెక్క మిగిలిన జాగల, చెట్టు లేదు, షెడ్డు లేదు. ముందుగాల పోయి మేనేజర్‌ను నీడ అడిగిన. తర్వాత పాఠం మార్చిన.

(దృశ్యం: డంపర్ క్యాబిన్ నుంచి ముందటికి.)

బండి ఆపించి, టైర్ల కింద దిమ్మెలు పెట్టించి, తాళం చెవి నా జేబుల వేసుకుంట. ఒకర్ని డ్రైవర్ సీట్ల కూసోబెడుత. ఇంకొకరు హెల్మెట్ పెట్టుకొని బండి ముందట నిలబడుతరు. "కనవడుతుండా?" "లేడు సార్." ఒక్కో అడుగు దూరం జరుపుత. హెల్మెట్ కనవడ్డ కాడ సున్నంతో గీత. సున్నానికి మనకేం కొదువ! నాలుగు దిక్కుల గీసినంక కిందికి దిగి చూసుకుంటరు, డ్రైవర్‌కు కనవడని జాగ ఎంతుందో. ఆ గీతలు చూసినంక నేను చెప్పేది ఏం మిగలదు.

పాలమూరు నుంచి వచ్చిన పెద్దమనుషులకు రాయి గురించి చెప్పబోతె నవ్వుతరు. అందుకే వాళ్లనే అడుగుత: "వదులు రాయిని ఎట్ల పట్టుకుంటవే పెద్దయ్యా?" గడ్డపారతోటి కొట్టి చూపిస్తరు. గట్టిది ఖంగుమంటది, వదులుది డొల్లగ మోగుతది. ఆ చప్పుడు నేను బోర్డు మీద రాయగల్గుతనా? ఒడిశా పిల్లలకు అదే ముచ్చట వాళ్ల భాషల వాళ్లోడే తిరిగి చెప్పాలె. చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిండో, నా పాఠం అక్కడ కుంటిదన్నట్టు.

ఐదేండ్లకోసారన్న మళ్ల ట్రైనింగ్ ఇయ్యాలని 1966 గనుల వృత్తి శిక్షణ నియమాలు చెప్పినయి. అన్నేండ్లల్ల బండ్లు మారుతయి, బెంచీలు లోతుకు పోతయి. నా నోట్సు మాత్రం పసుపు పచ్చగైన పాత కాయితాలే అయితె ఎట్ల?

(దృశ్యం: రేకుల షెడ్డు, కింద సద్దిగిన్నెలు.)

నీడ అడిగినంక షెడ్డు పడేటాళ్లకు ఎండకాలం సగం పోయింది. ఇప్పుడు సద్ది అక్కడ్నే తింటరు. నా క్లాసు కూడా సగం అక్కడ్నే.