ఓటీ చేస్తే పింఛను పోతుందా?

శ్రోతలకు నమస్కారం. తోతాపురి మామిడికాయ దిగడం మొదలైతే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఎనిమిది గంటలతో ముగియదు. "ఇంకో రెండు గంటలు ఉంటావా అమ్మా" అని సూపర్‌వైజరు అడుగుతాడు. రద్దీ రోజుల్లో తిరుపతి లాడ్జీల్లోనూ, ఆర్డర్లు ఎక్కువైనప్పుడు శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లోనూ ఇదే మాట. ఈ అదనపు గంటల పనినే ఓటీ, అంటే ఓవర్‌టైమ్ అంటారు. పిల్లల్ని ఒంటిచేత్తో సాకే తల్లికి ఆ డబ్బు అక్కరకొచ్చేదే. కానీ వెంటనే ఒక గుబులు: సంపాదన పెరిగిందని పింఛను తీసేస్తారేమో! ఆ గుబులులో కొంత నిజం ఉంది, కొంత అపోహ ఉంది.

రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద వితంతువులకు, ఒంటరి మహిళలకు 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. ఇల్లు ఎక్కడుందన్నదే లెక్క, ఫ్యాక్టరీ ఎక్కడుందన్నది కాదు. ఆదాయమంటే ఆ తల్లి ఒక్కదానిదే అనుకోకండి. పుట్టింట్లో ఉంటూ తమ్ముడి రైస్ కార్డులోనే పేరు ఉంటే అతని జీతమూ కలుస్తుంది. అలాంటి ఇంట్లో ఓటీకి ముందే హద్దు దాటిపోయి ఉండొచ్చు. తప్పు ఓటీది కాదు, కార్డుది. కార్డు విడదీయడానికి వీలుందా అని ముందు గ్రామ, వార్డు సచివాలయంలో కనుక్కోవాలి.

ఆదాయం కొంచెం పెరిగితే పింఛను కొంచెం తగ్గించే పద్ధతి ఇందులో లేదు. హద్దుకు వంద రూపాయలు ఇవతల ఉంటే నాలుగు వేలూ వస్తాయి. వంద అవతల ఉంటే నిబంధన ప్రకారం ఒక్క రూపాయీ రాదు. అందుకే లెక్క ముందే వేసుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. రోజుకు ఎనిమిది గంటలకు 400 కూలి అనుకుందాం. అంటే గంటకు 50. ఫ్యాక్టరీలో ఓటీకి చట్టప్రకారం రెట్టింపు, అంటే గంటకు 100. నెలలో 24 రోజుల పనికి 9,600. పది రోజులు రెండేసి గంటలు అదనంగా చేస్తే ఇంకో 2,000. మొత్తం 11,600. పల్లెలో ఉండే తల్లికి ఆ నెల పదివేలు దాటింది.

దాటింది కాబట్టి పింఛను పోయినట్టేనా? తొందరపడొద్దు. ఆదాయ ధ్రువపత్రంలో రాసేది ఏడాది ఆదాయం. నెలకు పదివేలంటే ఏడాదికి 1,20,000. గుజ్జు పని మూడు నెలలే అనుకోండి, అక్కడ వచ్చింది 34,800. మిగతా తొమ్మిది నెలలు పొలం పనులకు నెలకు 4,500 చొప్పున 40,500. ఏడాదికి 75,300. హద్దుకు చాలా దిగువనే ఉంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, సీజన్ నెల స్లిప్పు ఒక్కటే చూపించినప్పుడు. 11,600ను పన్నెండుతో గుణిస్తే 1,39,200 అవుతుంది, లేని ఆదాయం కాగితం మీదికెక్కుతుంది. విచారణకు వీఆర్వో వచ్చినప్పుడు పని లేని నెలల సంగతీ చెప్పాలి, అన్ని నెలల స్లిప్పులూ చూపాలి.

ఇదే 75,300 ఇంకో చోట దెబ్బ కొడుతుంది. పిల్లల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద, తల్లి వితంతువో విడాకులు పొందినదో అయితే, ఎంపికైన బిడ్డకు నెలకు 4,000 ఇస్తారు. దానికి ఆదాయ హద్దు పల్లెలో ఏడాదికి 72,000, పట్టణంలో 96,000. ఓటీ లేకుంటే ఆ తల్లి ఏడాది ఆదాయం 69,300, హద్దు లోపలే. మూడు నెలల ఓటీతో వచ్చిన 6,000 ఆమెను బయటికి నెట్టింది. ఆరు వేల కోసం ఏడాదికి 48,000 వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. మా ఉద్దేశంలో ఇలాంటి ఇంట్లో ఓటీ గంటలు తగ్గించుకోవడమే తెలివి. ఈ పథకం వివరాలకు జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడగాలి.

బడికెళ్లే పిల్లల తల్లులకు డబ్బిచ్చే పథకం 'తల్లికి వందనం'కు ఆదాయ హద్దు పింఛనుదే. దానికి బిడ్డ హాజరు 75 శాతం కూడా కావాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తల్లి పొద్దున లేవలేక బిడ్డ బడి మానేస్తే ఆ నష్టమూ ఓటీ ఖాతాలోనే రాసుకోవాలి.

ఇక అపోహ సంగతి. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో ఓటీ చేస్తే ఈఎస్‌ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, పోతుందని చాలామంది భయపడతారు. పోదు. 21,000 జీతం హద్దు చూసేటప్పుడు ఓటీ డబ్బు కలపరు.    జబ్బు చేసి సెలవు పెడితే ఈఎస్‌ఐ ఇచ్చే భత్యం సగటు రోజు వేతనంలో 70 శాతం. పీఎఫ్ కూడా ఓటీ మీద కోయరు. చనిపోయిన భర్త పీఎఫ్ ఖాతా నుంచి భార్యకూ పిల్లలకూ వచ్చే పింఛనుకు ఆమె సంపాదనతో సంబంధం లేదు, ఎన్ని గంటలు చేసినా అది ఆగదు.

కొన్నిచోట్ల "ఓటీ స్లిప్పులో వేయం, చేతికి ఇచ్చేస్తాం, నీ పింఛనుకూ మంచిదే" అంటారు. ఆ మాట నమ్మొద్దు. చేతికిచ్చే డబ్బు చాలాసార్లు రెట్టింపు రేటు కాదు, మామూలు రేటే.  గంటలు ఎగ్గొడితే అడగడానికి కాగితం ఉండదు. పైగా ఆదాయం దాచినట్టు తేలితే ఇబ్బంది ఆమెకే.

ఇంకొక్క విషయం. పింఛను 1వ తేదీన ఇంటికి తెచ్చి, వేలిముద్రో ముఖమో చూసి ఇస్తారు. ఆ రోజు డబుల్ షిఫ్టు ఒప్పుకుంటే మనిషి ఇంట్లో దొరకదు, తల్లో అత్తో తీసుకోవడానికి కుదరదు. ఒకటి రెండు నెలలు తప్పినా తర్వాతి నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే ఊరు వదిలి వెళ్లారని ఆపేస్తారు. కాబట్టి ఒకటో తేదీ పొద్దున షిఫ్టు ఉంటే సూపర్‌వైజరుకు ముందే చెప్పి, ఆ పూట మార్పించుకోండి.