పిన్నీ, సైకిల్ మీద బట్టలు ఎక్కడ పెట్టుకుంటామో ఈ వీడియోలో చూడు

అందరికీ నమస్కారమండీ, జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి. పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. "ఏమే, మళ్లీ సైకిళ్లేసుకుని ఊళ్ల మీద పడుతున్నారట, వారం రోజుల బట్టలు ఎక్కడ పెట్టుకుంటారే, వీపు మీద మోస్తారా?" అంది. ఫోన్లో ఎంత చెప్పినా అర్థం కాలేదు, వీడియో తీసి పెట్టమంది. కాబట్టి ఇవాళ్టి వీడియో పిన్ని కోసం.

ఇదిగోండి, ఇవే ఆ బ్యాగులు. ఇక్కడ ఫారాడ్‌టాషె అంటారు, అంటే సైకిల్ సంచి. మన పాలవాళ్లు క్యారియర్‌కి అటొక క్యాను ఇటొక క్యాను తగిలించుకుంటారు కదా, ఇవీ అలాగే వేలాడతాయి. బరువు కిందికి ఉంటుంది కాబట్టి సైకిల్ తూలదు, వీపుకి చెమట పట్టదు. చూడ్డానికి ఇంత సింపుల్‌గా ఉన్నాయా, వీటి కోసం నేను దాదాపు ఏడాది తిరిగాను.

పోయిన ఏడాది మే నెలలో ఆల్ట్‌మ్యూల్ నది పక్కన సైకిల్ మీద వెళ్లిన వీడియో పెట్టాను, చాలామంది చూశారు, థాంక్యూ. అందులో మీకు చూపించనిది ఒకటుంది. ట్రాయిష్ట్‌లింగెన్‌లో రైలు దిగి పాపెన్‌హైమ్ మీదుగా వెళ్తుంటే సన్నగా వాన మొదలైంది. ఇక్కడి వాన మన వానలా గంటసేపు దంచికొట్టి వెళ్లిపోదు, దుమ్ములా పడుతూ రోజంతా ఉంటుంది. మేం సోల్న్‌హోఫెన్‌లో మ్యూజియం చూద్దామని ఆగాం. ఆ చుట్టుపక్కల సున్నపురాయి గనుల్లోనే 1861లో ఆర్కియోప్టెరిక్స్ అనే పాతకాలపు పక్షిలాంటి ప్రాణి శిలాజం దొరికింది. ఒంటి నిండా ఈకలు, నోట్లో పళ్లు, బల్లికి ఉన్నట్టు పొడుగాటి తోక, సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటిది. మ్యూజియంలో అలాంటి ఒక రాతి పలక మీద ఈక ఈకా విడివిడిగా అచ్చుపడి ఉంటే చూస్తూ అలా నిలబడిపోయాను. మా ఆయన పిలిస్తే తప్ప టైం తెలియలేదు, గంటన్నర అయింది. ఆ గంటన్నరా సైకిళ్లు బయట వానలోనే ఉన్నాయి.

సాయంత్రం ఐష్‌టెట్‌లో రూముకెళ్లి బ్యాగు తెరిస్తే అడుగున బెత్తెడు నీళ్లు. బ్యాగు లోపల ప్లాస్టిక్ పూత ఉంది కాబట్టి జిప్పులోంచి దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక బిందెలో నిలిచినట్టు నిలిచిపోయాయి. బట్టలు పోతే పోయాయి, అమ్మ పంపిన కందిపొడి ప్యాకెట్ విచ్చుకుని ముద్దయిపోయి బట్టలన్నిటికీ అంటుకుంది. ఎనిమిది నెలలు దాచుకుని దాచుకుని తిన్న పొడి అది. నేను కింద కూర్చుని ఏడ్చాను. అందుకే కెమెరా ఆన్ చేయలేదు.

ఇంటికొచ్చాక ఆ బ్యాగు లేబుల్ తీరిగ్గా చదివితే అసలు విషయం తెలిసింది. ఇక్కడ రెండు మాటలుంటాయండీ, ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి వాసర్‌అబ్‌వైజెండ్, అంటే నీళ్లు పైనుంచి జారిపోతాయి, అదీ కాసేపే. రెండోది వాసర్‌డిష్ట్, అంటే నీళ్లు చొరబడవు. నా బ్యాగు మీద ఉన్నది మొదటి మాట. జత 35 యూరోలకి వస్తోందని ఆన్‌లైన్లో కొన్నాను, యూరోకి వంద చొప్పున వేసుకుంటే 3,500 రూపాయలు.

అప్పుడు కూర్చుని ఆ బ్యాగు అంతా తిరగేసి చూశాను. గుడ్డ మంచిదే, దాని మీద నీళ్లు పోస్తే నిలవట్లేదు. నీళ్లు వస్తున్నది కుట్టులోంచి. సూది దిగిన ప్రతిచోటా ఒక బెజ్జం ఉంటుంది కదా, దాని మీద లోపలివైపు ఒక టేపు అతికిస్తారు, మడతపడే చోట ఆ టేపు లేచిపోతుంది. ఇంకొకటి, వాన పైనుంచే వస్తుందనుకుంటాం గానీ చక్రం కిందినుంచి బురదనీళ్లు ఎగజిమ్ముతుంది, బ్యాగు వీపు చక్రం వైపే ఉంటుంది. పైన తొడిగే రెయిన్ కవర్ అక్కడ పనికిరాదు, క్యారియర్‌కి తగిలించే కొక్కేలు ఉండేది అటే కాబట్టి అటువైపు తెరిచే ఉంటుంది.

నిజంగా తడవని బ్యాగుకి కుట్టు ఉండదు. ముక్కల్ని వేడితో అతుకుతారు, వెల్డింగ్ లాగా. జిప్పు కూడా ఉండదు. పైన నోరు మూసి, లోపలి గాలి నొక్కేసి, మూడు నాలుగు చుట్లు కిందికి చుట్టి, పక్కన క్లిప్పు పెట్టేస్తాం. ఇదిగో ఇలా. రెండే చుట్లు చుట్టారనుకోండి, నీళ్లకి దారి ఇచ్చినట్టే. అందుకే బ్యాగు నోటిదాకా కుక్కకూడదు, చుట్టడానికి జానెడు వదలాలి. ఇలాంటి చాలావాటి మీద ఐపీ 64 అని రాసి ఉంటుంది, దుమ్మునీ నీళ్లనీ ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు అది. 6 అంటే దుమ్ము దూరదని, 4 అంటే ఏ వైపునుంచి నీళ్లు చిమ్మినా లోపలికి రావని. నీళ్లలో ముంచినా ఫర్వాలేదని దానర్థం కాదు, దానికి ఐపీ 67 కావాలి. మేం రోడ్డు మీద పోయేవాళ్లం, నదిలో దిగేవాళ్లం కాదు కాబట్టి 64 చాలు.

ఇక్కడ సైకిళ్ల మీద వెళ్లేవాళ్లలో చాలామందికి ఉండేవి ఓర్ట్‌లీబ్ బ్యాగులు. ఆ కంపెనీ మాకు దగ్గర్లోనే, హైల్స్‌బ్రాన్ అనే చిన్న ఊళ్లో ఉంది. హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ అనే ఆయన ఇంగ్లండ్‌లో సైకిల్ మీద తిరుగుతూ వానకి సామానంతా తడుపుకున్నాడట. పక్కనుంచి పోతున్న లారీ మీద టార్పాలిన్ చూసి, దాంతోనే బ్యాగు చేస్తే సరి కదా అనుకుని, 1982లో కంపెనీ పెట్టాడు. ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. కళ్లంలో ధాన్యం ఉన్నప్పుడు అర్ధరాత్రి ఉరుము వినబడితే చాలు, బరకం భుజాన వేసుకుని చీకట్లో పరుగెత్తేవాడు, వెనకాల టార్చిలైటు పట్టుకుని నేను. మనిషి తడిసినా గింజ తడవకూడదనేవాడు. ఈ బ్యాగుని చేత్తో తడిమితే అదే బరకం.

సరే, షాపుకి వెళ్లాం. ఆదివారం ఇక్కడ షాపులన్నీ మూసేస్తారు, శనివారం ఒక్కరోజే మా ఇద్దరికీ కుదురుతుంది. కొత్త జత 160 యూరోల పైమాటే, అంటే మన 16 వేలు. పిన్నీ, నువ్వేమంటావో నాకు తెలుసు, ఆ డబ్బుతో కొత్త సైకిలే వస్తుందంటావు. అక్కడ పనిచేసే ఆవిడ నన్ను బ్యాగు గురించి ఏమీ అడగలేదు, "మీ క్యారియర్ గొట్టం ఎంత లావు?" అని అడిగింది. నాకేం తెలుసు! కొలుచుకుని రమ్మంది. అమ్మేవాళ్లే వెనక్కి పంపడం నాకు భలే నచ్చింది.

ఇంటికొచ్చి గొట్టానికి దారం ఒక చుట్టు చుట్టి స్కేలు మీద పెడితే 31 మిల్లీమీటర్ల మీద కాస్త వచ్చింది, 3.14తో భాగిస్తే 10. ఆవిడ ఆ లావు ఎందుకు అడిగిందంటే, కొక్కెం 16 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపడా ఉంటుంది, సన్న గొట్టమైతే లోపల చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టి బిగుతు చేయాలి, 8కి ఒకటి, 10కి ఒకటి, 12కి ఒకటి. అవి పెట్టకపోతే పాత ఊళ్ల రాళ్లరోడ్ల మీద బ్యాగు దడదడలాడుతూ కొక్కేన్నీ క్యారియర్‌నీ రెండింటినీ అరగదీస్తుంది. క్యారియర్ ఎంత మోస్తుందో కూడా చూసుకోండి, మాదాని మీద 25 కిలోలని అచ్చువేసి ఉంది.

మడమ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మా ఆయన చెప్పులు 44 సైజు. ఫ్రెండ్ బ్యాగు తగిలించి చూస్తే పెడల్ తొక్కిన ప్రతిసారీ మడమ వెళ్లి బ్యాగుకి కొట్టుకుంది. కొక్కేల స్క్రూలు వదులు చేసి వాటిని బ్యాగు మీద ముందుకి జరిపితే బ్యాగు వెనక్కి పోతుంది, సమస్య తీరింది. అందుకని సైకిల్ లేకుండా బ్యాగు కొనకండి, తీసుకెళ్లి తగిలించి నాలుగు తొక్కులు తొక్కి చూడండి.

చివరికి మేం కొన్నవి పాతవి. ఇక్కడ క్లైన్‌ఆన్‌ట్సైగెన్ అని ఒక యాప్ ఉంది, ఇంట్లో వాడని వస్తువులు అమ్ముకునేది. ధర పక్కన VB (ఇక్కడ ఫౌ, బే అని పలుకుతారు) అని రెండక్షరాలుంటే బేరం ఆడొచ్చని అర్థం. పక్కనే ఉన్న ఫ్యూర్త్‌లో ఒక పెద్దాయన జత 80 యూరోలకి పెట్టాడు. వెళ్లేసరికి బాత్‌టబ్‌లో నీళ్లు నింపి ఉంచాడు. మేం అడగకుండానే, "ఇక్కడ ఒక చిల్లు ఉంది" అని ముందు దాన్నే చూపించాడు. తనే అతుకు వేశాడు, గుండ్రంగా, ఎంత శుభ్రంగా వేశాడో చూడండి, ఇదిగో. బ్యాగు నోరు చుట్టి నీళ్లలో అదిమిపెట్టి, బుడగలు వస్తాయేమో చూడమన్నాడు. ముగ్గురం బాత్‌టబ్ మీదికి వంగి చూశాం. ఒక్క బుడగ రాలేదు. తర్వాత ఒక రేకు డబ్బా ఇచ్చాడు, అందులో 8, 10, 12 ముక్కలు, రెండు స్పేర్ స్క్రూలు, 20 ఏళ్ల కిందటి బిల్లు. 70కి అడుగుదామని వెళ్లిన మా ఆయన నోరు తెరవలేదు, 80 ఇచ్చేశాడు. మన 8 వేలు.

వాళ్లావిడా ఆయనా ఈ బ్యాగులతోనే తిరిగారట. ఆవిడ ఇప్పుడు లేరు, ఆయనకి మోకాళ్లు సహకరించట్లేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. మన దగ్గరైతే తాతగారూ అనో బాబాయిగారూ అనో పిలిచేదాన్ని. ఇక్కడ పెద్దవాళ్లని వరసపెట్టి పిలిచే అలవాటు లేదు, హెర్, అంటే మిస్టర్, అని ఇంటిపేరు తగిలించాలి. ఆరేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను, నన్ను అక్కా అనో అమ్మాయీ అనో పిలిచే గొంతు ఫోన్లో తప్ప వినబడదు. ఆ గుమ్మం దగ్గర ఒక్క వరస మాట ఉంటే బాగుండుననిపించింది.

పాతవి కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, మనుషుల దగ్గర ఇలా కొంటే సాధారణంగా గ్యారంటీ ఉండదు. షాపులో కొంటే రెండేళ్లపాటు లోపాలకి అమ్మినవాళ్లదే బాధ్యత, ఆన్‌లైన్లో కొంటే 14 రోజుల్లో వాపసు ఇవ్వొచ్చు.

ఇంకో మాట, నీళ్లు లోపలికి రాని బ్యాగులోంచి తేమ బయటికీ పోదు. తడిబట్ట ఒక్కటి పెట్టినా సాయంత్రానికి బట్టలన్నీ ముక్కిపోయిన వాసన వేస్తాయి. అందుకే తడిసినవన్నీ ఎడమ బ్యాగు, పొడివి కుడి బ్యాగు. రాత్రి రూములో రెండింటి నోళ్లూ తెరిచి గాలికి పెడతాం. రెండూ కలిపి 40 లీటర్లు, ఒకరికి వారానికి సరిపోతుంది. మా ఆయనకి కూడా ఇలాంటి జతే ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చాం.

రేపు పొద్దున పస్సావ్‌కి లోకల్ రైలు, సైకిళ్లకి వేరే టికెట్ తీసుకోవాలి. అక్కడినుంచి డాన్యూబ్ నది పక్కనే ఆస్ట్రియాలోని వియన్నా దాకా 300 కిలోమీటర్ల పైన తొక్కుతాం. రైలెక్కేటప్పుడు బ్యాగులు తీసేయాలి, ఇదిగో ఈ పిడి పట్టుకుని పైకి లాగితే కొక్కెం దానంతటదే విడిపోతుంది, చూశారా, ఒక్క చెయ్యి చాలు. వియన్నా చేరాక ఫ్యూర్త్ పెద్దాయనకి ఫొటో పంపాలి, గుమ్మం దగ్గర అడిగింది అదొక్కటే.

పిన్నీ, అమ్మకి చెప్పు, ఈసారి కందిపొడి స్టీలు డబ్బాలో పోసి, కుడివైపు బ్యాగులో స్వెటర్ల మధ్యన పెట్టాను.