ఎముక అతికింది, అమ్మ మాత్రం గడప దాటడం లేదు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక చెల్లెమ్మ మెసేజ్ పంపింది. ఈ రోజంతా దాని గురించే. వాళ్లమ్మగారికి డెబ్బై రెండేళ్లు. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే బరంపురం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. మొన్న ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ఎముక బాగా అతికిందన్నారు. ఆవిడ మాత్రం మంచం, బాత్‌రూమ్ తప్ప ఎక్కడికీ కదలడం లేదట. "ఈ కాలు నాది కానట్టుందే" అంటున్నారట. "అక్కా, అమ్మకి ధైర్యం చెప్తూ ఒక వీడియో చెయ్యండి" అని అడిగింది.

చేస్తున్నాను చెల్లెమ్మా. కానీ ఇది అమ్మ కంటే ముందు నువ్వూ, మీ అన్నయ్యా, వదినా చూడాలి.

అమ్మ భయం ఉత్తుత్తి భయం కాదు. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లని 10 రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ 10 రోజులకే వాళ్ల కాళ్లలో కండ దాదాపు 1 కిలో తగ్గిపోయింది. మరి ఎముక విరిగి వారాల తరబడి పడుకున్న మనిషి సంగతేంటి? పైగా పాదం ఎక్కడుంది, బరువు ఎటు వాలుతోంది అన్నది మెదడుకి చెప్పే నరాలు కండల్లోనూ కీళ్లలోనూ ఉంటాయి. వాడకం లేకపోతే ఆ పట్టు మందగిస్తుంది. కాలు నాది కానట్టుంది అని ఆవిడ అన్నది నిజంగా ఆవిడకి తెలుస్తున్న విషయమే. దానికి మనం "ఏం కాదు, లేచి నడువు" అంటే, నా బాధ వీళ్లకి అర్థం కాలేదనుకుంటారు.

ఫిజియోథెరపీ చేసేదాన్ని కాబట్టి మన ఊళ్లలో తరచూ చూసే సంగతి ఒకటి చెప్తాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపురం అటు కలిశాయి. ఇళ్లలో మాత్రం తెలుగు పోలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఒడియాలో చెప్తారు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, కొడుకు రెండు ముక్కలు తెలుగులో చెప్తాడు. మొదటి వారాల్లో "కాలి మీద బరువు పెట్టొద్దు" అని ఉంటారు. ఆ మాట పెద్దవాళ్ల మనసులో రాయిలా ఉండిపోతుంది. తరవాత డాక్టరు బరువు పెట్టొచ్చు అన్నది కొడుక్కి తెలుస్తుంది, ఆవిడకి తెలియదు. నెలల తరవాత కూడా ఆవిడ డాక్టరు మాట జవదాటకుండా కూర్చునే ఉంటారు! దాన్ని మనం భయం అంటున్నాం, మొండితనం అంటున్నాం. నాకు చాలా బాధేస్తుంది.

అందుకని ఈసారి వెళ్లినప్పుడు అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. పూర్తి బరువు పెట్టొచ్చా? కింద కూర్చోవచ్చా? మెట్లెక్కొచ్చా? మాట మాటా అక్కడే ఆవిడకి తెలుగులో చెప్పండి. లోపల రాడ్డు వేశారా, తుంటి కీలులో ఉండే బంతి మార్చారా అన్నది కూడా అడగండి. బంతి మార్చినవాళ్లకి గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం లాంటివాటి మీద జాగ్రత్తలు వేరుగా ఉంటాయి. పనిలో పనిగా ఎముక బలం పరీక్ష, విటమిన్ డి సంగతీ అడగండి. ఒకసారి తుంటి విరిగినవాళ్లకి మళ్లీ ఎముక విరిగే ముప్పు ఎక్కువ.

ఇక ఇంటి సంగతి. మంచినీళ్లు మంచం దగ్గరికి, టీ మంచం దగ్గరికి, అన్నం కంచం కూడా అక్కడికే. ఎవరైనా వస్తే "అమ్మ లేవలేదు లెండి" అని మనమే చెప్పేస్తాం. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ ఆవిడకి రోజూ వినిపించేదేంటి? నీవల్ల కాదు, నీవల్ల కాదు. నడక నేర్పాల్సిన వేళ మనం ఆ మాట నేర్పుతున్నాం.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. నావల్ల అవుతుంది అన్న నమ్మకం అన్నిటికంటే గట్టిగా వచ్చేది, తను స్వయంగా చేసి చూసుకున్నప్పుడు. ఆ తరవాత, తనలాంటి మనిషి చేస్తుంటే చూసినప్పుడు. ఎదుటివాళ్లు చెప్పే ధైర్యానికి అంత బలం లేదు. అందుకే నా వీడియో చూపించడం కంటే, మీ వీధిలో ఇదే ఆపరేషన్ అయ్యి లేచి తిరుగుతున్న పెద్దావిడ ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి.

అమెరికాలో మేరీ టినెట్టి అనే డాక్టరు 1990లో పెద్దవాళ్ల కోసం ఒక ప్రశ్నల పట్టిక తయారు చేశారు. పడిపోతానని భయమా అని నేరుగా అడగరు. స్నానం, మంచం దిగడం, వంట, బట్టలు కట్టుకోవడం లాంటి 10 పనులు చెప్పి, పడిపోకుండా ఇది చేయగలనని ఎంత నమ్మకం అని విడివిడిగా అడుగుతారు. మనం మన ఇంటి పనులతో అడుగుదాం. గడప దాటడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం, పెరట్లో బట్టలు ఆరెయ్యడం, వీధి అరుగు దాకా రావడం. దేనికి ఎన్ని మార్కులు వేస్తావమ్మా అనండి. బాగా తక్కువ మార్కులు పడ్డవి ఇప్పుడు వద్దు. సగం కంటే కాస్త ఎక్కువ వచ్చిన పని ఒకటి తీసుకుని రోజూ అదే చేయించండి. పక్కన నిలబడండి, రెక్క పట్టి లాగకండి.

డాక్టరు సరే అన్నాక కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టండి. కుర్చీ గోడకి ఆనించాలి, జారకూడదు. మొదట చేతులు ఆనించి లేవొచ్చు. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నెమ్మదిగా దిగాలి, అప్పుడు కూడా కండకి పని పడుతుంది. బలం వచ్చాక 30 సెకన్లలో చేతుల సాయం లేకుండా ఎన్నిసార్లు లేస్తున్నారో లెక్కపెట్టండి. ఆ వయసు ఆడవాళ్లకి 10 కంటే తక్కువైతే కాళ్ల బలం ఇంకా చాలదని అర్థం.

జారి పడ్డ పెరడు ఎలా ఉందో కూడా చూడండి. పాచి అలాగే ఉంటే ఆవిడ భయమే సరైనది! పాచి గీకించండి, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్డు బిగించండి, రాత్రి దారిలో చిన్న బల్బు వెయ్యండి. లేవగానే కళ్లు తిరిగితే బీపీ మాత్రల గురించి డాక్టరుని అడగండి. గజ్జల్లోనో తొడలోనో కొత్తగా నొప్పి వస్తే, కాలు వాస్తే, ఆయాసం వస్తే ఆపేసి చూపించండి. చేసిన కాసేపు కండలు లాగడం మామూలే. మర్నాటికి నొప్పి పెరిగితే చేసింది ఎక్కువైందని.

చివరగా, అమ్మకి ఏం కావాలో అమ్మనే అడుగు. ఆషాఢంలో మీ ఊళ్లో జగన్నాథుడి రథయాత్ర ఎంత ఘనంగా జరుగుతుందో నాకు తెలుసు. రథం చూడాలి అంటే, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. ఈ వారం వీధి గుమ్మం, తరవాత పక్కిల్లు, ఆ తరవాత వీధి చివర. పండగ రోజు తోపులాట లేనివైపు తెలిసినవాళ్ల అరుగు మీద ఒక కుర్చీ, తిరిగి రావడానికి ముందే మాట్లాడి పెట్టుకున్న ఆటో. అక్కడ ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు లేవాలో ఆవిడనే చెప్పనివ్వండి.