రేషన్ కార్డు తీసేసిన కంప్యూటర్ మనల్ని ఎవరనుకుంది?

[దృశ్యం: బోరబండలో రేషన్ షాపు. నెల మొదటి వారం. సంచులు పట్టుకుని లైన్.]

డీలర్ ఈ-పాస్ మిషన్‌లో నంబర్ కొట్టాడు. కాసేపు చూసి, "అమ్మా, నీ కార్డు తీసేసినట్టు చూపిస్తోంది" అన్నాడు. ఎందుకు తీసేశారో ఆయనకూ తెలీదు, మిషన్ చెప్పదు. వెనకవాళ్లు జరగమంటున్నారు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఆమె పక్కకు జరిగింది.

[యాంకర్ కెమెరా ముందుకు వస్తుంది.]

నమస్తే. ఇలాంటి మాట విన్నవాళ్లు మన రాష్ట్రంలో తక్కువేం కాదు. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల్ని మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది. నోటీసు ఇవ్వలేదు, ఇంటికొచ్చి చూడలేదు, కంప్యూటర్ చెప్పింది కదా అని తీసేశారు. కేసు వేసినవాళ్ల వాదన ఇదే.

అన్నీ పేదవాళ్ల కార్డులేనని నేను అనను. దొంగ కార్డులుంటే ఏరేయాల్సిందే. ఆ ఏరే పని ఎలా జరుగుతుందో చూద్దాం.

[తెర మీద: రెండు కాగితాలు, మధ్యలో ప్రశ్నార్థకం.]

ఆహార భద్రత కార్డు కావాలంటే నగరంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. సొంత కారు ఉంటే రాదు. మరి కారు ఉందో లేదో తెలిసేదెలా? ఇందుకు ప్రభుత్వం దగ్గర 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. బండి రిజిస్ట్రేషన్, ఆస్తి, కరెంటు కనెక్షన్ లాంటి వేర్వేరు శాఖల రికార్డుల్ని ఒకచోట చేర్చి, ఈ కాగితంలోని మనిషీ ఆ కాగితంలోని మనిషీ ఒకరేనా అని పోల్చి చూస్తుంది. పేరు ఎంత దగ్గరగా ఉంది, తండ్రి పేరు, అడ్రస్ ఎంత కలిశాయి అని మార్కులు వేస్తుంది. ఫలానా మార్కు దాటితే ఇద్దరూ ఒకరే అంటుంది. ఆ గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం మనుషులే నిర్ణయిస్తారు. గీత కిందికి దించితే దొంగలు ఎక్కువమంది దొరుకుతారు, వాళ్లతో పాటు ఏ పాపం తెలియనివాళ్లూ దొరుకుతారు.

ఇక మన పేర్ల సంగతి చూడండి.

[యాంకర్ టేబుల్ మీద నాలుగు కార్డులు వరసగా పెడుతుంది.]

ఇవి మా అమ్మవి. పేరు లక్ష్మి. తెలుగులో రాస్తే ఒక్కటే లక్ష్మి. ఇంగ్లిష్‌లో ఆధార్ మీద కె, ఎస్, హెచ్ పెట్టారు. ఓటరు కార్డు మీద ఎక్స్ ఉంది. బ్యాంకు పుస్తకంలో చివర ఐ బదులు వై. పాత కార్డులో పుట్టింటి పేరుంటే, కొత్తదాంట్లో అత్తింటి పేరు. పాతబస్తీకి వెళ్తే మహ్మద్ అన్న పేరు ఒక కార్డులో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో 'ఎండీ' అని రెండక్షరాలే. అడ్రస్‌లైతే డ్యాష్‌లు, బైలు, ఫలానా మసీదు వెనక అని రాసినవి. ఒకే మనిషి నలుగురిలా కనిపిస్తుంది, నలుగురు మనుషులు ఒకరిలా కనిపిస్తారు. ఈ తేడాలన్నీ వచ్చింది ఫారాలు నింపిన చేతుల వల్ల. నష్టం మాత్రం పేరు గలవాళ్లకి.

మన హైదరాబాద్‌లోనే రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు, కారున్న ఇంకొకాయన పేరుతో కలిసిపోయి ఆ ఇంటి కార్డు పోయింది. పత్రికల్లో వచ్చిన సంగతే ఇది. ఎవరైనా ఒక్కసారి ఆ గల్లీకి వెళ్లి ఉంటే, కారు పట్టే దారి కూడా ఉందో లేదో కంటితో చూసేవాళ్లు.

సాఫ్ట్‌వేర్ వందకి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గానే చెప్పిందనుకోండి. 19 లక్షల్లో ఆ మిగిలిన ఒక్క శాతం అంటే 19,000 కుటుంబాలు.

కార్డు పోతే పోయేది బియ్యం ఒక్కటే కాదు. మనిషికి 6 కిలోల బియ్యం, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం. 200 యూనిట్ల ఉచిత కరెంటుకి, 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కి కూడా అడిగేది ఈ కార్డునే. ఒక్క తప్పు పోలిక మొత్తం ఇంటి ఖర్చునే తారుమారు చేస్తుంది.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. తప్పు చేసింది కంప్యూటరే అయినా, రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆమె. కూలి మానుకుని, ఆటోకి డబ్బులు పెట్టుకుని, నాకు కారు లేదని నిరూపించుకోవాలి. లేనిదానికి కాగితం ఎక్కణ్ణుంచి తెస్తుంది? తీసేసే ముందే అడగాలి. తెలుగులో, ఉర్దూలో నోటీసు ఇవ్వాలి. ఒక మనిషి ఇంటికి వెళ్లి చూడాలి. అప్పటిదాకా బియ్యం ఆపకూడదు.

[తెర మీద: ఏం చేయాలి?]

మీకే ఇలా జరిగితే, "సిస్టమ్‌లో అలా ఉంది" అన్న జవాబుతో వెనక్కి రావద్దు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4 ప్రకారం, ప్రభుత్వ నిర్ణయం వల్ల ఇబ్బంది పడ్డవాళ్లకి ఆ నిర్ణయానికి కారణం చెప్పాలి. కాబట్టి ఏ రికార్డుతో నా పేరు కలిపారో రాసివ్వండి అని అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. రేషన్ ఫిర్యాదులకి 1967 నంబర్ ఉంది. ఆహార భద్రత చట్టం, 2013 కింద జిల్లాలో ఫిర్యాదుల అధికారి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంటాయి. చదువు రాని పక్కింటి పెద్దమ్మకి ఈ అర్జీ మీరు రాసిపెట్టండి, పావుగంట పని.

మా అమ్మ పేరు అన్ని కార్డుల్లో ఒకేలా చేయించడానికి నేనూ తిరుగుతున్నాను. మూడు సరయ్యాయి. ఓటరు కార్డు మీద ఎక్స్ ఇంకా అలాగే ఉంది.